కొండకు అడంగలు రాసిన మనిషి



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగారు. మన దేశ నాయకుల గురించి, మన కవుల గురించి నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో ఎందరో ఉన్నారు. అందుచేత నేను రెండు వందల ఏళ్ళ కిందటి ఒక జర్మనీ దేశస్థుణ్ణి ఎంచుకున్నాను. ఆయన పేరు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్. ఆయననే ఎందుకు ఎంచుకున్నానో ముందుగా మనవి చేస్తాను.

పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాది మా ఆవిడా నేనూ బదరీ కేదార యాత్ర చేశాము. మీలోనూ చాలామంది చేసే ఉంటారు. హృషీకేశంలో బస్సెక్కినప్పుడు చుట్టూ సాలవృక్షాల అడవి. కొంత ఎత్తు ఎక్కాక సూదుల్లాంటి ఆకులున్న చీడ్ చెట్లు. ఇంకా పైకి పోతే ఓక్ చెట్లు, ఎర్రపూల బురాంశ్ చెట్లు. గౌరీకుండం దగ్గర బస్సు దిగి కేదారానికి కొండదారి పట్టాక, చివరికి వచ్చేసరికి చెట్లు పొట్టివై, పొదలై, ఆ పొదలు కూడా ఆగిపోయి ఉత్త పచ్చిక మిగిలింది. దాని పైన రాయి, ఆ పైన మంచు. మా ఆవిడ ఆయాసం తీర్చుకోవడానికి ఒక బండమీద కూర్చుని, ఇంత మట్టి, ఇన్ని నీళ్ళు ఉండగా చెట్లు ఇంకా పైకి ఎందుకు పోలేదండీ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఊరికి వచ్చాక గ్రంథాలయంలో కూర్చుని వెతికితే, ఆ ప్రశ్నను కొలతలతో, పద్ధతిగా పట్టుకున్నవారిలో అగ్రగణ్యుడు హంబోల్ట్ అని తెలిసింది. పైగా ఆయన కూడా మొదట్లో మనలాగే ప్రభుత్వోద్యోగి. అది చదివాక ఆయన నాకు పరాయివాడిలా అనిపించలేదు.

గనుల శాఖలో కొలువు

హంబోల్ట్ 1769 సెప్టెంబరు 14న బెర్లిన్ నగరంలో జన్మించారు. తండ్రి ప్రష్యా రాజ్యపు సైన్యంలో అధికారిగా పనిచేసినవారు. కొడుక్కి తొమ్మిదేళ్ళ వయసులోనే ఆయన కాలం చేశారు. తల్లి కలిగిన కుటుంబపు స్త్రీ, కట్టుదిట్టమైన మనిషి. అన్న విల్హెల్మ్ పుస్తకాల పురుగు. తర్వాతి కాలంలో బెర్లిన్ విశ్వవిద్యాలయ స్థాపనకు కారకుడైనవాడు. తమ్ముడు అలెగ్జాండర్ మాత్రం తోటల వెంట తిరిగి మొక్కలు, రాళ్ళు, పురుగులు జేబుల నిండా నింపుకుని వచ్చేవాడు. ఇంట్లోవాళ్ళు అతణ్ణి మందుల కొట్టువాడని వేళాకోళం చేసేవారట.

దూరదేశాలు చూడాలని కుర్రవాడి కోరిక. సర్కారు కొలువులో స్థిరపడాలని తల్లి పట్టుదల. మన ఇళ్ళలో జరిగినట్టే అక్కడా తల్లి మాటే నెగ్గింది. ఫ్రైబర్గ్‌లోని గనుల విద్యాలయంలో చదివి, 1792లో ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన ప్రష్యా గనుల శాఖలో చేరారు. ఉద్యోగం ఇష్టపడి చేరింది కాకపోయినా పనిలో లోటు చేయలేదు. స్వయంగా గనుల్లోకి దిగేవారు. గాలి ఆడని చోట కార్మికులకు పనికివచ్చే దీపాన్ని, శ్వాస పరికరాన్ని తయారు చేశారు. ఆ దీపాన్ని తానే పరీక్షిస్తూ ఒకసారి గనిలో స్పృహ తప్పి పడిపోతే పైకి లాగవలసి వచ్చింది. 1793లో స్టేబెన్ అనే గ్రామంలో గని కార్మికుల కోసం ఉచిత పాఠశాల పెట్టారు. పై అధికారుల మంజూరు ఉత్తర్వు కోసం ఎదురుచూడలేదు. ముందు సొంత డబ్బుతో బడి నడిపించి, తర్వాత కాగితం పంపారు. మన సర్వీసులో ఎవరైనా అలా చేసి ఉంటే మెమో తప్పేది కాదు.

1796 నవంబరులో తల్లి మరణించారు. అన్నదమ్ములకు పెద్ద ఆస్తి సంక్రమించింది. హంబోల్ట్ ఉద్యోగానికి రాజీనామా చేశారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. ఉన్న ఆస్తిని పెట్టుబడి పెట్టి లోకం చూడడానికి బయలుదేరారు.

సొంత ఖర్చుతో అయిదేళ్ళు

దక్షిణ అమెరికాలో చాలా భాగం అప్పుడు స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉండేది. పరాయివారిని అక్కడికి రానిచ్చేవారు కాదు. హంబోల్ట్ 1799లో స్పెయిన్ రాజు నాల్గవ కార్లోస్ నుంచి అనుమతి పత్రం సంపాదించారు. ఫ్రాన్స్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఎమే బోంప్లా ఆయనకు తోడు. 1799 జూన్ 5న స్పెయిన్‌లోని లా కొరూన్యా రేవు నుంచి ఓడ కదిలింది. ఖర్చు అంతా సొంతం, టి.ఎ. బిల్లు పెట్టుకునే దారి లేదు.

దారిలో తెనెరీఫె దీవిలో ఓడ ఆగింది. అక్కడి తైదే అనే అగ్నిపర్వతాన్ని ఎక్కుతూ ఉంటే, కింద ఒక రకం మొక్కలు, కాస్త పైన మరో రకం, ఇంకా పైన వేరొక రకం మెట్లు మెట్లుగా కనిపించాయి. ఆ ఆలోచన ఆయనను వదల్లేదు. జూలై 16న ఇప్పటి వెనిజులాలోని కుమనా రేవులో దిగారు. తర్వాత అయిదేళ్ళు అడవులు, నదులు, కొండలు. వలెన్సియా సరస్సు చుట్టూ చెట్లు కొట్టేయడం వల్లే నీరు తగ్గిపోతోందని 1800లో గుర్తించి రాశారు. అడవికీ నీటికీ ఉన్న ఈ సంబంధం ఇవాళ పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆనాడు అలా ఆలోచించినవారు బహు తక్కువ.

వెళ్ళిన ప్రతిచోటికీ ఆయన కొలత పరికరాలు మోయించుకుపోయేవారు. వాటిలో ముఖ్యమైనది భారమాపకం, అంటే గాజుగొట్టంలో పాదరసం ఉండే పరికరం. పైకి పోయేకొద్దీ మన మీద ఉన్న గాలి బరువు తగ్గుతుంది. పాదరసం కిందికి దిగుతుంది. ఎంత దిగిందో చూస్తే ఎంత ఎత్తు ఎక్కామో లెక్క కట్టవచ్చు. ఆకాశం ఎంత నీలంగా ఉందో కొలిచే పరికరం కూడా ఆయన దగ్గర ఉండేది. ఒక మొక్క కోసుకుంటే, అది ఏ ఎత్తున దొరికిందో రాసుకోకుండా కదిలేవారు కాదు.

చింబొరాజో

1802 జనవరిలో కీటో నగరం చేరారు. ఇప్పటి ఈక్వడార్ రాజధాని అది. భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో ఉన్నా చుట్టూ మంచు తలపాగాలు చుట్టుకున్న అగ్నిపర్వతాలు. హంబోల్ట్ ఒక్కొక్కటే ఎక్కడం మొదలుపెట్టారు. మార్చిలో అంతిసానా అనే కొండ ఎక్కారు. ఈ పేరు దయచేసి గుర్తుంచుకోండి. చివర దీనితో పని ఉంది.

1802 జూన్ 23న చింబొరాజో ఎక్కడానికి బయలుదేరారు. దాని ఎత్తు 6,263 మీటర్లు. ప్రపంచంలో దానికంటే ఎత్తయిన కొండ లేదని ఆ రోజుల్లో ఐరోపావారు అనుకునేవారు. మన హిమాలయాల కొలతలు వారికి ఇంకా అందలేదు. మంచు మొదలయ్యే చోట కూలీలు చాలామంది వెనుదిరిగారు. హంబోల్ట్, బోంప్లా, కీటోకు చెందిన కార్లోస్ మోంతూఫర్ అనే యువకుడు, స్థానికుడు ఒకరు ముందుకు సాగారు. జానెడు వెడల్పున్న రాతిగట్టు మీద చేతులతో పాకుతూ వెళ్ళారు. చిగుళ్ళ నుంచి రక్తం కారింది. కళ్ళు ఎర్రబడ్డాయి. తల తిరిగింది. పొగమంచు కాస్త తెరిపినిచ్చేసరికి శిఖరం ఎదుటే ఉంది, కానీ మధ్యలో దాటరాని అగాధం. పాదరసం చూసుకుని అక్కడినుంచే వెనుదిరిగారు. ఆయన లెక్క ప్రకారం అది 5,880 మీటర్లకు దగ్గర. ఆ లెక్క కాస్త ఎక్కువని ఇప్పటివారి అభిప్రాయం. ఏమైనా, ఐరోపావారికి తెలిసినంతలో అప్పటిదాకా అంత ఎత్తు ఎక్కిన మనిషి లేడు.

శిఖరం అందలేదని ఆయన కుంగిపోలేదు. ఆయనకు కావలసింది దారిలోనే దొరికింది. కొండల పాదాల దగ్గర అరటి, తాటిజాతి చెట్లు. ఆ పైన మలేరియాకు మందు ఇచ్చే సింకోనా చెట్ల అడవి. ఆ పైన పొదలు. ఆ పైన, స్పానిష్ భాషలో పారమో అని పిలిచే చలి పచ్చికబయళ్ళు. ఆ పైన రాళ్ళకు అంటుకున్న పాచి వంటి లైకెన్లు. ఆ పైన మంచు. భూమధ్యరేఖ నుంచి ధ్రువందాకా వేల మైళ్ళు పోతే ఏయే మార్పులు కనిపిస్తాయో, ఆ మార్పులన్నీ ఒక్క కొండమీద నిలువుగా పేర్చి ఉన్నాయి.

నిలువు అడంగలు

మన రెవెన్యూ మిత్రులకు అడంగలు గురించి చెప్పనక్కరలేదు. తెలంగాణ మిత్రులు దానినే పహాణీ అంటారు. ఏ సర్వే నంబరులో ఏ పైరు ఉంది, విస్తీర్ణం ఎంత, నీటి ఆధారం ఏది అని గడులు గీసి రాసే గ్రామ లెక్క. హంబోల్ట్ చేసింది అచ్చంగా అదే. కొండను నిలువుగా కోసినట్టు బొమ్మ వేయించి, ఏ ఎత్తులో ఏ మొక్క ఉందో ఆ ఎత్తులోనే దాని పేరు రాశారు. బొమ్మకు రెండుపక్కలా గడులు: ఆ ఎత్తులో వేడి ఎంత, గాలి ఒత్తిడి ఎంత, తేమ ఎంత, ఆకాశం నీలిమ ఎంత, ఏ జంతువులు తిరుగుతాయి, ఏ పంటలు పండుతాయి. 1807లో పారిస్‌లో ఇది ఆయన గ్రంథంతో పాటు అచ్చయింది. మొక్కల పేర్ల జాబితాలు అంతకుముందూ ఉన్నాయి. మొక్కకూ వేడికీ గాలికీ నేలకూ మనిషికీ మధ్య ఉన్న బంధుత్వాన్ని ఒక్క కాగితంమీద చూపింది మాత్రం ఇదే.

ఇక మా ఆవిడ ప్రశ్నకు జవాబు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి సుమారు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. చెట్టు పొడుగ్గా గాలిలోకి పెరుగుతుంది కనుక గాలి ఎంత చల్లగా ఉంటే దాని కొమ్మలూ అంతే చల్లగా ఉంటాయి. ఆ చలిలో కొత్త కలప కట్టదు. మొక్కలు పెరిగే రుతువులో సగటు వేడి ఆరు ఏడు డిగ్రీల దగ్గరకు పడిపోయే చోట ప్రపంచమంతటా చెట్లు ఆగిపోతాయని తర్వాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. నేలను కరుచుకుని మెత్తలా పెరిగే చిన్న మొక్క మాత్రం ఎండకు కాగిన నేల వెచ్చదనంతో బతుకుతుంది. అంటే మట్టి తక్కువై కాదు, నీరు తక్కువై కాదు. తన పొడవే చెట్టును అక్కడ ఆపేసింది. వినయంగా తల వంచిన గడ్డి దాటి పోయింది.

భూమధ్యరేఖ దగ్గరి కొండల్లో ఇంకో చిత్రం ఉంది. అక్కడ ఏడాది పొడవునా పగలు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి. కొలంబియా వైపు పారమోల్లో ఫ్రాయ్‌లెహోన్ అనే మొక్క ఎండిన ఆకులను రాల్చకుండా కాండం చుట్టూ కంబళిలా చుట్టుకుంటుంది. దాని ఆకులమీద తెల్లని ఉన్ని ఉంటుంది. ఆ బయళ్ళ నేల స్పంజిలా నీటిని పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది. బొగోటా, కీటో నగరాల తాగునీరు చాలావరకు పారమోల చలవే. మన హిమాలయాల్లో ఆ సరిహద్దు దగ్గర నిలిచేది భోజపత్ర వృక్షం. దాని పైన బుగ్యాల్ అనే పచ్చికబయళ్ళు. ఆ ఎత్తుల్లోనే కేదారనాథునికి అర్పించే బ్రహ్మకమలం పూస్తుంది.

అందని హిమాలయం

1804లో ఐరోపాకు తిరిగి వచ్చి పారిస్‌లో రెండు దశాబ్దాలకు పైగా ఉన్నారు. ప్రయాణ ఫలితాలను ముప్పై సంపుటాలుగా అచ్చు వేయించడంలో మిగిలిన ఆస్తి హరించుకుపోయింది. 1817లో, సమానమైన సగటు వేడి ఉన్న ప్రదేశాలను కలుపుతూ పటం మీద గీతలు గీసే పద్ధతి ప్రవేశపెట్టారు. అలాంటి గీతలు వాతావరణ పటాల్లో నేటికీ కనిపిస్తాయి.

ఆయన మనసంతా హిమాలయం మీద ఉండేది. ఆండీస్ కొండల పక్కన హిమాలయాన్ని పెట్టి పోల్చాలని తపన. భారతదేశానికి వెళ్ళనివ్వమని ఈస్టిండియా కంపెనీ వారిని ఒకటికి నాలుగుసార్లు అడిగారు. లండన్ వెళ్ళి మరీ ప్రయత్నించారు. అనుమతి రాలేదు. స్పెయిన్ పాలనలో స్థానికుల దుస్థితిని, బానిసత్వాన్ని ఆయన నిర్మొహమాటంగా ఎండగట్టారు కనుక, మన దేశానికి వస్తే తమ గురించీ అలాగే రాస్తారని కంపెనీ వారు జంకి ఉంటారని చరిత్రకారులు భావిస్తారు. చూడనిది చూడనట్టే ఉన్నా, ఇంగ్లీషు అధికారులు పంపిన కొలతలను ఆధారం చేసుకుని 1820లో హిమాలయపు మంచురేఖ గురించి వ్యాసం రాశారు. టిబెట్ వైపు ఉత్తరపు వాలులో మంచురేఖ మన వైపు కంటే ఎత్తున ఉంటుందని, పీఠభూమి వేడి, పొడిగాలి అందుకు కారణాలని వివరించారు.

అరవై తర్వాత

మన వయసువారు శ్రద్ధగా చదవవలసిన భాగం ఇది. చేతిలో డబ్బు అయిపోయి, 1827లో ఆయన బెర్లిన్ చేరి రాజుగారి ఆస్థానంలో కొలువు చేశారు. రాజుగారిచ్చే భృతే జీవనాధారం. ఆ చలికాలమే బెర్లిన్‌లో ఉచిత ఉపన్యాసాలు మొదలుపెడితే స్త్రీలు, విద్యార్థులు, చేతిపనివారు గుంపులుగా వచ్చారు. 1829లో రష్యా ప్రభుత్వం ఆహ్వానించింది. ఎనిమిది నెలల్లో 15,000 కిలోమీటర్లకు పైగా గుర్రపు బళ్ళలో తిరిగి, ఆల్తాయ్ పర్వతాల మీదుగా చైనా సరిహద్దు దాకా వెళ్ళారు. ఆ ప్రయాణంలోనే ఆయన షష్టిపూర్తి జరిగింది.

అరవై అయిదో ఏట కాస్మాస్ అనే మహాగ్రంథం మొదలుపెట్టారు. మొదటి సంపుటం 1845లో, రెండవది 1847లో, మూడవది 1850లో, నాల్గవది 1858లో వచ్చాయి. అయిదవది రాస్తూ ఉండగానే 1859 మే 6న, తన ఎనభై తొమ్మిదో ఏట తనువు చాలించారు. ఆ సంపుటం 1862లో అచ్చయింది. పెళ్ళి చేసుకోలేదు. ప్రపంచ ప్రఖ్యాతి ఉన్నా ఆస్తి మిగల్లేదు. ఇంట్లో ఉన్న సామాను తనను ఏళ్ళ తరబడి సేవించిన పనివాడికి రాసిచ్చారు.

తాను చూడలేని హిమాలయాన్ని ఇతరులైనా చూడాలని కోరుకున్నారు. జోసెఫ్ హుకర్ అనే యువ ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు 1845లో పారిస్‌లో ఆయనను కలిసి, తర్వాత సిక్కిం కొండలు శోధించాడు. ఆయన సిఫారసు మీద ష్లాగింట్‌వైట్ సోదరులు 1854లో భారతదేశం వచ్చారు. కంపెనీ వారు హంబోల్ట్‌కు వేసిన తలుపు ఆయన శిష్యులకు తెరిచారు.

తప్పు గడిలో పడ్డ ఎంట్రీ

కథ ఇక్కడితో అయిపోలేదు. 2012లో కొందరు శాస్త్రజ్ఞులు హంబోల్ట్ బొమ్మ చేత పట్టుకుని చింబొరాజో ఎక్కారు. ఆయన రాసిన మొక్కలు ఇప్పుడు ఏ ఎత్తున ఉన్నాయో కొలిచారు. సగటున 500 మీటర్లకు పైగా పైకి జరిగాయని 2015లో ప్రకటించారు. భూగోళం వేడెక్కుతూ ఉంటే, తమకు తగిన చల్లదనం వెతుక్కుంటూ మొక్కలు కొండ ఎక్కుతున్నాయన్నమాట.

కానీ మరికొందరు శాస్త్రజ్ఞులు ఆయన పాత డైరీలు, ఎండబెట్టి దాచిన మొక్కల కాగితాలు తీసి తనిఖీ చేశారు. తీరా చూస్తే పై ఎత్తుల మొక్కల్లో చాలావాటిని ఆయన సేకరించింది చింబొరాజో మీద కాదు, అంతిసానా మీద! వాటిని చింబొరాజో బొమ్మలో చేర్చేశారు. అంతిసానాతో సరిపోల్చి మళ్ళీ లెక్క వేస్తే, మొక్కలు జరిగింది 215 నుంచి 266 మీటర్లని 2019లో తేల్చారు.

ఇది చదివినప్పుడు నాకు నా సర్వీసు తొలినాళ్ళు గుర్తుకు వచ్చాయి. తుపాను నష్టపరిహారం స్టేట్‌మెంటు రాస్తూ ఒక వరుస తప్పి, మునిగిన వరిచేను ఉన్న ఒక రైతు నంబరు ఎదుట బీడు అని రాశాను. పాపం ఆయన పరిహారం కోసం నెలల తరబడి మా కచేరీ చుట్టూ తిరిగాడు. చివరికి గ్రామంలోని అసలు అడంగలు తెప్పించి చూస్తే కరణంగారి దస్తూరీలో వరి అని స్పష్టంగా ఉంది. నా తప్పు బయటపడింది, ఆయనకు న్యాయం జరిగింది. అసలు లెక్క లేకపోతే ఆ తప్పు నాతోనే సమాధి అయ్యేది. హంబోల్ట్ విషయంలోనూ అంతే. బొమ్మలో దొర్లిన పొరపాటును సరిదిద్దింది ఆయన చేతిరాతలే. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా లోకానికి అక్కరకు వచ్చిన నోట్సు అవి.

రెండు వందల చిల్లర మీటర్లయినా తక్కువ కాదు. కొండ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, చోటు తగ్గుతుంది. కింది మొక్క పైకి జరగవచ్చు. శిఖరం దగ్గర ఉన్న మొక్క ఎక్కడికి పోతుంది? ఆ పైన ఆకాశమే. మన బ్రహ్మకమలానికీ ఇదే ప్రశ్న. కొండమీది పచ్చిక పోతే కిందివారి నీళ్ళకూ ముప్పే.

మిత్రులారా, మనం కొండలు ఎక్కలేం. కానీ జీవితమంతా తేదీ వేసి, చోటు రాసి, సంతకం పెట్టిన చేతులు మనవి. పెరటి మామిడి ఏ తేదీన పూత పట్టింది, వేప ఎప్పుడు పూసింది, మీ బావిలో నీరు ఎన్ని అడుగుల లోతున ఉంది అని ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. ఊరి పేరు, తేదీ మరవకండి. మన మనుమల కాలంలో ఎవరికో అది అసలు లెక్క అవుతుంది. నేను ఈ ఏడాది మొదలుపెట్టాను. మొదటి పేజీలో, కేదారం దారిలో చెట్లు ఆగిపోయిన చోటును గుర్తున్నంత మేరకు రాసుకున్నాను. ఎత్తు ఎంతో కొలవలేదే అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

సెలవు.